చెయ్యి చాపితే అందేంత మేర

పసిబిడ్డకు తల్లిదండ్రుల పడగ్గదిలోనే చోటు చెయ్యాలా, వేరే గది ఇవ్వాలా అన్న ప్రశ్న హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ఇళ్లల్లో సాధారణంగా తలెత్తదు. స్నేహపురి కాలనీ, హెచ్‌ఎంటీ నగర్, చిలకానగర్ వీధుల్లోని రెండు పడగ్గదుల ఫ్లాటులో ఒక గది దంపతులది. రెండోది అత్తమామలదో, ఉద్యోగ ప్రయత్నంలో ఊరి నుంచి వచ్చి దిగిన మరిదిదో. అద్దె పోర్షన్లలోనైతే ఉన్నదే ఒక పడగ్గది. గోడలకు జంతువుల బొమ్మలు వేసి, కిటికీకి నీలం పరదా కట్టిన పసిపిల్లల గది సినిమాల్లోనూ ఫర్నిచర్ దుకాణాల్లోనూ కనిపించే వైభోగం. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగితే ఐకియా. 2018 ఆగస్టులో ఆ దుకాణం తెరిచినప్పటి నుంచి ఈ వైపు కొత్త దంపతులు అక్కడి నమూనా గదుల మధ్య తిరిగి, ఫొటోలు తీసుకుని, ఒక దీపమో రెండు డబ్బాలో కొనుక్కుని వెనక్కి వస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చి చూస్తే గదిలో మంచం, బీరువా, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడవగలిగేంత సందు.

ఆ సందు దగ్గరే లెక్క మొదలుపెట్టాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంట్లో ఒక గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 102 చదరపు అడుగులు ఉండాలి. రెండోది 7.5 చదరపు మీటర్లున్నా సరిపోతుంది. ఫ్లాట్లు కట్టేవాళ్లు ఈ కనీసానికి మరీ దూరం పోరు. పదడుగులకు పదకొండడుగుల పడగ్గది మామూలు. అందులో ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉన్న డబుల్ కాట్‌ను పదడుగుల గోడకు తలవైపు ఆనించి నడిమధ్య వేస్తే రెండు పక్కలా రెండేసి అడుగులు మిగులుతాయి. ఏ పక్కా పిల్లల మంచం పట్టదు. అదే మంచాన్ని ఒక పక్క గోడకు జరిపితే రెండో పక్క నాలుగడుగులు తెరుచుకుంటుంది. రెండున్నర అడుగుల లోపు వెడల్పున్న పిల్లల మంచం అక్కడ సరిగ్గా కూర్చుంటుంది, తల్లి దిగి నిలబడడానికి అడుగున్నర మిగులుతుంది. గోడలు కదపకుండా జాగా పుట్టించే మార్గం ఇదొక్కటే. దీనికి మూల్యం చెల్లించుకునేది గోడ పక్కకు చేరిన తండ్రి. అర్ధరాత్రి లేవాల్సి వస్తే ఆయన కాళ్లవైపు నుంచి పాక్కుంటూ దిగాలి. ఆరు నెలల పాటు ఇది భరించలేని కష్టమేమీ కాదు.

మునుపటి ఇళ్లల్లో ఈ ఏర్పాటుకు తిరుగులేని రూపం ఉండేది. ఇంట్లో వెలుతురు తక్కువగా ఉన్న ఒక గదిని పురిటి గది చేసేవారు. నులక మంచం మీద బాలింత, ఆమె పక్కలో పొత్తిగుడ్డల్లో బిడ్డ, దూలానికి వేలాడే పాత చీర ఉయ్యాల, మంచం కింద నిప్పుల కుంపటి. తెలంగాణ ఇళ్లల్లో ఇరవయ్యొకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెట్టడం ఇప్పటికీ పెద్ద వేడుక. వేడుక మిగిలింది గాని వేలాడదీసే చోటు పోయింది. పాత డాబా ఇళ్లకు స్లాబు పోసేటప్పుడే ఉయ్యాల కోసం ఇనుప కొక్కెం వేయించేవారు. నాచారం, హబ్సిగూడల్లోని పాత ఇళ్లల్లో ఆ కొక్కేలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి, ఏమీ వేలాడకుండా. ఇప్పటి పడగ్గదికి జిప్సం ఫాల్స్ సీలింగ్ వచ్చింది. దానికి మేకు కొట్టి బిడ్డ బరువు వేలాడదీయడం కన్నా పెద్ద అజాగ్రత్త ఉండదు. అందుకే ఇనుప స్టాండు ఉయ్యాల వచ్చింది, ఆ తర్వాత మోటారుతో తనంతట తానే ఊగే ఉయ్యాల వచ్చింది. రెండూ నేలమీద జాగా అడుగుతాయి. పైనుంచి వేలాడే చీర ఉయ్యాల ఒక్కటే గదిలో ఎవరికీ అడ్డు రాని పడక, అవసరం తీరగానే మళ్లీ చీరగా మారిపోయేది.

వైద్యుల మాట ఈ పాత అలవాటులో ఒక సగాన్ని బలపరుస్తుంది, మరో సగాన్ని కాదంటుంది. బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ల మంచానికి దగ్గరగా, అయితే తనకంటూ వేరే పడక మీద పడుకోవాలని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. ఇలా చేస్తే నిద్రలో ఆకస్మికంగా బిడ్డ చనిపోయే ముప్పు సగం దాకా తగ్గవచ్చని ఆ సంఘం 2016లో లెక్కగట్టింది. ఏడాది పాటు అలా ఉంటే మంచిదని అప్పుడు అన్నారు. 2022లో దాన్ని సవరించి కనీసం ఆరు నెలలన్నారు. పడుకోబెట్టే తీరు మీదా గట్టి సలహా ఉంది: ప్రతి నిద్రకూ వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, పక్కన దిండు గాని బొంత గాని బొమ్మ గాని లేకుండా. 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం చేశాక ఇలాంటి మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. కాబట్టి ఒకే గది అన్న మన పద్ధతి నిలబడింది, ఒకే పక్క అన్నది నిలబడలేదు.

ఒకే పక్క సంగతి ఇక్కడ అంత తేలిగ్గా తెగదు. తెలుగు తల్లుల్లో చాలామంది బిడ్డను పక్కలో వేసుకునే పడుకుంటారు. వాళ్ల తల్లులూ అలాగే పడుకున్నారు. రాత్రికి నాలుగుసార్లు లేచి పాలిచ్చే మనిషికి వేరే పడక అనేది ఉపదేశంలా వినిపిస్తుంది. ఆ ఉపదేశం నిజంగా అమలు కావాలంటే వేరే పడక ఎంత దగ్గర ఉండాలన్నదే అసలు ప్రశ్న. లేచి రెండడుగులు నడవాల్సి వస్తే మూడో రాత్రికే బిడ్డ పెద్ద మంచం మీదికి వచ్చేస్తుంది. పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపితే బిడ్డ పొట్టకు తగలాలి. గదిలో పసిబిడ్డ చోటుకు అసలు కొలత ఇదే, తల్లి చేతి పొడవు. అడుగులూ అంగుళాలూ దీని తర్వాత వస్తాయి. ఇక ముప్పు బాగా పెరిగే సందర్భాలు కొన్ని విడిగా గుర్తుంచుకోవాలి: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పక్కలో పొగ తాగే మనిషి, మద్యం తీసుకున్న మనిషి, బరువైన రజాయి. అన్నిటికన్నా ప్రమాదం హాల్లోని సోఫా. అక్కడ కూర్చుని పాలిస్తూ కునుకు తీసిన తల్లి ఒడికీ సోఫా వీపుకీ మధ్య బిడ్డ ఇరుక్కోవచ్చు. నిద్ర ఆగని రాత్రి సోఫా కన్నా మంచం మీద పాలివ్వడమే మేలు.

ఆరు నెలలన్న గడువు ఇక్కడి జీవితానికి వింతగా అతుకుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలు చెబుతాయి. అన్నప్రాశన కూడా ఆరో నెలకు అటూ ఇటూనే వస్తుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే, ఈఎస్‌ఐ కార్డు ఉన్న స్త్రీకి కూడా అదే ఏడాది నుంచి అంతే కాలం ప్రసూతి భత్యం దక్కుతోంది. ఈఎస్‌ఐ ఆసుపత్రి ఆ వాడ పక్కనే ఉంది. అయితే ఆ 26 వారాల్లో ఎనిమిది దాకా కాన్పుకు ముందే వాడుకునే వీలుంది. అలా వాడుకుంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే తల్లి పనికి తిరిగి వెళ్లాలి. గదిలో చేసిన ఏర్పాటు సగంలో ఉండగానే పగటిపూట దాన్ని చూసుకునే మనిషి మారిపోతుంది.

ఈ క్యాలెండర్‌లో మరో మెలిక పుట్టిల్లు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఇంకా బలంగా ఉన్న ఆనవాయితీ. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి భువనగిరి, జనగామ, హనుమకొండ వైపు వెళ్లే బస్సుల్లో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఎక్కిన గర్భిణులు మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి వస్తారు. పిల్లల పెంపకం పుస్తకాలన్నీ ఆసుపత్రి నుంచి నేరుగా తండ్రి గదికి వచ్చే బిడ్డను ఊహించుకుని రాసినవి. ఉప్పల్ గదికి వచ్చే బిడ్డ అప్పటికే మెడ నిలిపి ఉంటుంది, నేడో రేపో బోర్లా పడుతుంది. అంటే ఏర్పాటు రెండుసార్లు జరగాలి. పుట్టింట్లో చేసేది కదలని పసికందుకు, ఇక్కడ చేసేది దొర్లే బిడ్డకు. పుట్టింటి నుంచి సారెతో పాటు వచ్చే చిన్న బుట్ట మంచం, ముడుచుకునే గొడుగు దోమతెర, పొత్తిగుడ్డలో గట్టిగా చుట్టే అలవాటు, ఈ మూడూ ఇక్కడికి వచ్చేసరికి పనికి రాకుండా పోయే దశలో ఉంటాయి. ముఖ్యంగా చుట్టడం. బోర్లా పడే సూచన కనిపించిన రోజే దాన్ని మానాలి, చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లా పడితే ముఖం తిప్పుకోలేదు.

బిడ్డ పుట్టకముందే వస్తువులు కొనకూడదన్న పట్టింపు చాలా ఇళ్లల్లో ఉంది. తొలి బట్టలు కూడా కొత్తవి వేయరు, ఇంకో బిడ్డ వాడి మెత్తబడిన పాత నూలు బట్టలే తొడుగుతారు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు కన్నా పసిచర్మానికి మంచి బట్ట లేదు కాబట్టి ఇందులో నష్టమేమీ లేదు. కొనడానికి అడ్డొచ్చే శకునం తీసెయ్యడానికి రాదు, ఈ గదిలో తీసెయ్యాల్సినవే ఎక్కువ. మంచానికి పైన సజ్జ మీద పేర్చిన సూట్‌కేసులు, పెళ్లినాటి స్టీలు బిందెలు. తలవైపు గోడకు వేలాడే బరువైన ఫొటో ఫ్రేము. బట్టలారేసే దండెంగా స్థిరపడిపోయిన వ్యాయామ సైకిలు. కిటికీ పరదా తాళ్లు, ఫోను చార్జరు వైర్లు, అటూ ఇటూ ఊగే చెప్పుల స్టాండు. వీటిలో కొన్ని హాల్లోకి, కొన్ని డాబా మీది గదిలోకి, కొన్ని పాత సామాన్ల బండికి పోతే గది అప్పుడు కనిపిస్తుంది. బీరువాను గోడకు బిగించుకోవాలి. పైకి లేచి నిలబడడం నేర్చిన బిడ్డ మొదట పట్టుకు లాగేది బీరువా తలుపే.

రంగులు వేయించే సంగతి కొంచెం ఆగి చూడాలి. శ్రీమంతానికో గృహప్రవేశానికో గోడలకు కొత్త రంగు కొట్టించడం మనకు ముచ్చట. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దానికి ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులకూ కిటికీ ఊచలకూ పూసిన ఎనామిల్ రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లకు ఈ జాగ్రత్త తప్పదు. పాత పూతను గరుకు కాగితంతో గీకితే లేచే దుమ్ము కడుపులో ఉన్న బిడ్డకూ, పాకే బిడ్డకూ ఒకే రకంగా చేటు. గీకడం తప్పదనుకుంటే గర్భిణి ఇంట్లో లేని రోజుల్లో, తడిపి గీకించి, నేలంతా తడిగుడ్డతో తుడిపించాలి. రంగు వాసన పూర్తిగా పోయేదాకా గది తెరిచి ఉంచాలి. ఆమె పుట్టింట్లో ఉండే నెలల విరామం ఈ పనికి దొరికే సరైన సమయం. ఆ విరామంలో భర్తలు క్రికెట్ చూస్తారు. రంగుల వాణ్ని పిలవడం బస్సు ఎక్కి వస్తున్నామన్న ఫోను వచ్చాక గుర్తొస్తుంది.

ఇక పడక. ఊచల మంచమైతే ఊచకూ ఊచకూ మధ్య ఆరు సెంటీమీటర్లు మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే మొండెం జారి తల ఇరుక్కుంటుంది. వడ్రంగి చేత చేయించేవాళ్లు ఈ ఒక్క కొలత ముందే చెప్పాలి, చెప్పకపోతే ఆయన చూపుకు అందంగా ఉండేలా మూడు నాలుగు అంగుళాలకు ఒక ఊచ పెడతాడు. పరుపు మంచం చట్రానికి సరిగ్గా పట్టాలి, అంచున రెండు వేళ్లు దూరితే అది చిన్నదైనట్టే. మన ఇళ్లల్లో పసిబిడ్డకు ముచ్చటపడి కుట్టించేది బూరుగు దూది పరుపు. వేలు పెడితే కుంగిపోయే ఆ మెత్తదనమే దాని లోపం, బిడ్డ బోర్లా పడితే ముక్కు అందులో కూరుకుపోతుంది. కొబ్బరి పీచు పరుపు గట్టిగా ఉంటుంది, చవక, ఎండలో వేస్తే త్వరగా ఆరుతుంది. పైన బిగుతుగా లాగి కట్టిన నూలు దుప్పటి ఒక్కటి చాలు. ఊచల చుట్టూ కట్టే మెత్తటి గలేబు అందంగా ఉంటుంది గాని, 2022లో అమెరికా చట్టం చేసి అలాంటి వాటి అమ్మకాన్నే ఆపేసింది. చక్రాలుంటే వాటికి తాళం ఉండాలి. పెద్ద మంచానికి ఆనించి ఒక పక్క తెరిచి వేసుకునే రకమైతే రెండు పరుపులూ ఒకే ఎత్తులో ఉండి, మధ్య సందు లేకుండా గట్టిగా కట్టుకోవాలి. ఆ సందు రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది, కాబట్టి రోజూ నెట్టి చూడాలి.

పెద్దవాళ్లతో మాట తేడా వచ్చేది మూడు వస్తువుల దగ్గర. మొదటిది ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని నెలల బిడ్డ తల కింద పెడతారు. దిండు ఏదైనా పసిబిడ్డ నిద్రకు తగదు. మెలకువగా ఉన్నప్పుడు, కళ్లముందు, కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే తల వెనక చదునుగా అయ్యే బాధ ఉండదు. రెండోది దిష్టి కోసం దిండు కింద ఉంచే కత్తి, కొడవలి ముక్క, ఇనుప మేకు. ఇనుము మంచం పట్టెల కింద, నేలమీద ఉన్నా అంతే పనిచేస్తుందని పెద్దవాళ్లను ఒప్పించడం కష్టం కాదు. దిష్టికి ఎత్తుల పట్టింపు ఉందని ఎవరూ చెప్పలేదు. మూడోది మెడలో నల్లతాడు, పూసలు. మొలతాడు వల్ల ఇబ్బంది లేదు, మెడలోది మాత్రం పడుకోబెట్టేటప్పుడు తీసెయ్యాలి. చీర ఉయ్యాల విషయంలో మధ్యేమార్గం ఉంది. బట్ట వంపులో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి బిగుసుకోవచ్చు కాబట్టి రాత్రి పడకగా అది వద్దు. పగలు ఎవరో ఒకరు పక్కన కూర్చుని జోకొట్టేంతసేపు ఉండనివ్వొచ్చు.

ఈ ప్రాంతంలో పసిబిడ్డ పడకకు విడదీయలేని వస్తువు దోమతెర. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, రామంతాపూర్ చెరువు, కాస్త దక్షిణంగా మూసీ. ఎటు చూసినా నిలవ నీరే. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికిందరాబాదులోనే. ఈ నగరానికీ దోమకూ అంత పాత బంధుత్వం. గొడుగు దోమతెర కదలని బిడ్డకు బాగానే ఉంటుంది. దొర్లే బిడ్డ చెయ్యి తెరకు ఆనగానే దోమ అవతలి నుంచే కుడుతుంది, పైగా తెర ముఖం మీదికి లాక్కునే ప్రమాదం కూడా ఉంది. నాలుగు మూలలకూ తాడు కట్టి, పెద్ద మంచాన్నీ పిల్లల మంచాన్నీ కలిపి కప్పే పాతకాలపు పెద్ద తెర దీనికి సరైన విరుగుడు. కిటికీకి జాలీ బిగిస్తే ఇంకా మంచిది. డెంగీ దోమ కుట్టేది పగలు కాబట్టి మధ్యాహ్నపు నిద్రకూ తెర దింపాలి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో చిన్న పరుపుతో పాటు దోమతెర కూడా పెట్టారు. ఫిన్లాండు 1938 నుంచి తల్లులకు ఇస్తున్న పెట్టెలో చలికోటు ఉంటుంది, ఆ అట్టపెట్టే బిడ్డకు తొలి మంచం కూడా. ఏ దేశపు పడగ్గదికి ఏది ముఖ్యమో ఆ రెండు పెట్టెలూ తెరిచి చూస్తే తెలుస్తుంది.

దోమతెర బద్ధకించిన ఇళ్లల్లో కాయిల్ వెలుగుతుంది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానికి సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన కొలిచి చెప్పింది. కిటికీ మూసిన పదడుగుల గదిలో దాని సంగతి వేరే చెప్పాలా. తలంటు తర్వాత బిడ్డకు వేసే సాంబ్రాణి ధూపం కూడా ఇదే పద్దు. వాసన ఇంటిల్లిపాదికీ ఇష్టం గనుక ముందు గదికి ధూపం వేసి, పొగంతా పోయాక బిడ్డను లోపలికి తేవడం అందరికీ నచ్చే రాజీ. బాలింత మంచం కింద నిప్పుల కుంపటికి మాత్రం రాజీ లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. పారిశ్రామికవాడ వైపు తెరుచుకునే కిటికీలున్న గదుల్లో కొన్ని రాత్రులు ఘాటు వాసన లోపలికి వస్తుంది. అక్కడ తెల్లవారాక ఎదురు కిటికీలు తెరిచి గాలి మార్చుకోవడం తప్ప మార్గం లేదు.

వేడి విషయంలో అమ్మమ్మలకూ వైద్యులకూ పేచీ ఎక్కువ. హైదరాబాదు మే నెలలో పై అంతస్తు గది స్లాబు నుంచి దిగే వేడికి రాత్రి పదకొండింటికీ చల్లబడదు. రేకుల పెంట్‌హౌస్ అయితే చెప్పనక్కర్లేదు. అయినా టోపీ, సాక్సులు, రెండు పొరల బట్టలు, మూసిన ఫ్యాను. బిడ్డకు గాలి తగిలితే జలుబు చేస్తుందన్న భయం అంత గట్టిది. నిజానికి ఒళ్లు వేడెక్కడమే నిద్రలో ప్రమాదాన్ని పెంచే కారణాల్లో ఒకటి. 2008లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక పరిశీలనలో ఫ్యాను తిరుగుతున్న గదుల్లో ఆ ముప్పు తక్కువగా కనిపించింది. ఏసీ ఉంటే మరో లెక్క. 2020 జనవరి నుంచి మన దేశంలో అమ్మే గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. పసికందు గది కనీసం 25 ఉండాలంటారు. కాబట్టి రిమోట్ రెండు మూడు నొక్కులు పైకి పోవాలి, గాలి మంచం మీదికి నేరుగా రాకుండా రెక్కలు ఎత్తాలి. బిడ్డ చెమట పడుతోందా లేదా తెలుసుకోవడానికి మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి, అరచేతులూ అరికాళ్లూ ఎప్పుడూ చల్లగానే ఉంటాయి.

వెలుతురు, చప్పుడు తేలిగ్గా తీరే విషయాలు. రాత్రి పాలివ్వడానికి పెద్ద లైటు వేస్తే బిడ్డతో పాటు ఇంటివాళ్లందరికీ తెల్లవారిపోతుంది. పాతకాలపు జీరో బల్బు వెలుగంత చాలు, పసుపు రంగుదైతే మరీ మంచిది, మంచం మీది నుంచే స్విచ్ అందాలి. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని నిబంధనలున్నాయి. వరంగల్ రోడ్డు మీది లారీలకూ, స్టేడియంలో ఐపీఎల్ ఉన్న రాత్రి ఉప్పల్‌కూ ఆ సంఖ్య వినిపించదు. బిడ్డను లేపేది ఎడతెగని హోరు కాదు, ఉన్నట్టుండి మోగే హారను. కూలరో ఫ్యానో చేసే సన్నని రొద ఆ హారన్లను కొంత మింగేస్తుంది. అందుకోసం ప్రత్యేకంగా అమ్మే శబ్దయంత్రాన్ని కొన్నా రెండు మీటర్లకు తక్కువ దూరంలో పెట్టకూడదు. ఈ గదుల్లో రెండు మీటర్లంటే ఎదుటి గోడే.

పాలిచ్చే కుర్చీ కోసం వెతకడం అనవసరం. నడుముకు ఆనుకునే గోడ, మోచేతి కింద ఒక దిండు, అందే దూరంలో నీళ్ల చెంబు, పాలు కక్కితే తుడవడానికి గుడ్డలు, మార్చే డైపర్లు, ఇవన్నీ పట్టే ఒక అర చాలు. మురికివి వేసే మూతబుట్ట బాత్‌రూమ్ తలుపు పక్కన ఉంటే రాత్రి నడక తగ్గుతుంది. చోటు చాలకపోవడమల్లా మనుషుల వల్లే. కాన్పు ఇక్కడే అయితే, పురుడు పోయడానికి వచ్చిన అమ్మమ్మ తొలి నెలల్లో కూతురి మంచం మీదే పడుకుంటుంది. కాళ్లు చాపి వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోసేది ఆమే. అల్లుడు మర్యాదగా హాల్లో దీవాన్ మీదికి వెళ్తాడు, కొందరు ఆ మర్యాదను హాయిగానే స్వీకరిస్తారు. అలా వెళ్లినవాడికి రాత్రి డైపరు మార్చడం రాదు, త్రేన్పు తెప్పించడం రాదు. మూడు నెలల తర్వాత గదిలోకి తిరిగి వచ్చేసరికి బిడ్డకు అతను కొత్తవాడు. గదిలో మూడో మనిషికి నేలమీద ఒక పరుపు పట్టేలా చూసుకోవడం ఈ మొత్తం ఏర్పాటులో అందరూ మరిచిపోయే పని. మంచాన్ని గోడకు జరిపినప్పుడు కాళ్లవైపు నాలుగున్నర అడుగులు ఉంటాయి, అందులో రెండడుగులు బీరువా తినేసినా మిగిలినది ఒక మనిషికి బొటాబొటిగా సరిపోతుంది.

ఆరో నెల దాటాక ఈ ఏర్పాటు తనంతట తానే విడిపోతుంది. బిడ్డ చేతులాన్చి లేవబోయే సూచన కనిపించగానే ఊచల మంచం పరుపును అడుగు మెట్టుకు దించాలి, దోమతెర తాళ్లు చేతికి అందకుండా ఎత్తాలి. పాకడం వచ్చాక మూల అనేది ఉండదు. గది మొత్తం బిడ్డదే. ప్లగ్గులకు మూతలు పడతాయి, బీరువా కింది అరలోని ఫినాయిలూ నాఫ్తలీన్ ఉండలూ పైకి పోతాయి. తొమ్మిదో నెల దాకా తల్లిదండ్రుల గదిలోనే ఉన్న పిల్లలు, నాలుగో నెలలోపే విడిగా పడుకున్నవారి కన్నా రాత్రికి 40 నిమిషాలు తక్కువ నిద్రపోతున్నారని 2017లో పెన్సిల్వేనియాలో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. ఉప్పల్ ఫ్లాటులో దీనికి జవాబు రెండో పడగ్గది. ఏడాది నిండిన బిడ్డ నానమ్మ పక్కలోకి మారుతుంది, లేకపోతే అమ్మానాన్నల మధ్యకు వచ్చి చేరుతుంది. ఖాళీ అయిన ఊచల మంచం విప్పి, మేకులూ మరలూ ఒక సంచిలో వేసి పట్టెకే కట్టేసి ఉంచితే చుట్టాల్లో తర్వాతి కాన్పు ఇంటికి అది చేరుతుంది. తీసుకునేవాళ్లు దాన్ని మళ్లీ బిగించాక ఊచలన్నీ ఒక్కొక్కటిగా లాగి చూడాలి, వదులైనది ఒక్కటున్నా వడ్రంగికి చూపించాలి.